అన్నం పెట్టని హోటలు

అప్ప పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పింది, ఒకప్పుడు నేను పనిచేసిన కొండ ఊరికి బస్సు నడిపిన డ్రైవరు. ఇప్పుడాయన రిటైరై విజయనగరంలో ఉంటున్నాడు. పెద్ద వయసు మనిషి పోవడంలో వింతేమీ లేదు. బాధపడ్డాను, ఎలా పోయిందని అడిగాను. ఆయన చెప్పిన జవాబు మాత్రం వింతగానే ఉంది.

"నిద్దట్లోనే పోనాది బాబూ, సుకంగా. సెల్లెలు ఏడుత్తంది గానీ, ఏడుపు మద్దిలో తిడతంది కూడాను. అప్ప ఇన్నేళ్ళూ ఇంట్లో పొయ్యి దగ్గిరికే ఎల్లలేదట. పొద్దుట టిఫినూ హోటల్లోనే, మద్దేన్నం బోయినమూ హోటల్లోనే. నాను వొండి పెడతానప్పా అని సెల్లెలు అన్నా ఇన్లేదట. మొయ్యడానికి సుట్టాల కన్నా ముందు హోటలు సర్వర్లొచ్చీసేరు."

"ఎవరూ, మన అప్పేనా?" అన్నాను.

"మన అప్పే" అన్నాడాయన.

నమ్మడానికి నాకు చాలాసేపు పట్టింది. హోటల్లో తిని బతికేవాడిని చూస్తే ఒళ్ళు మండిపోయే మనిషి ఆవిడ. పైగా హోటలు నడిపేది. తన హోటల్లో తినడానికి వచ్చినవాళ్ళని తనే గెంటేసేది. ఇది చెబితే ఎవరూ నమ్మరు. నా విస్తరిలో కూర వేసి అన్నం వెయ్యనన్న రోజున నేనూ నమ్మలేదు.

తొంభైల మధ్యలో నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది. పెదబయలు అవతల కొండల్లో ఒక సంత ఊరికి వేశారు. మాది గోదావరి వైపు. వంటింట్లోకి మంచినీళ్ళ కోసం తప్ప వెళ్ళి ఎరగను. చదువుకునే రోజుల్లో మెస్సు, ట్రైనింగులో క్యాంటీను. పాడేరు నుంచి వచ్చిన బస్సు దిగి పరుపుచుట్ట కింద పెట్టేసరికి, ఎదురుగా రేకుల హోటలు ముందు నడుం మీద చెయ్యేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి, కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. కళ్ళు పొగకి ఎర్రబడి ఉన్నాయి. ఆవిడ డ్రైవరుని తిడుతోంది.

"మళ్ళీ ఒకడిని తెచ్చీసేవా? ఘాటీ కిందే దింపీసి రాలేకపోనావా?"

"గవర్మెంటు పంపిత్తే నానేటి సేసేదప్పా?" అన్నాడు డ్రైవరు.

తర్వాత నా వైపు తిరిగింది. ఏజెన్సీలో కొత్తగా దిగిన ఉద్యోగిని ఎవరైనా ముందు ఏ డిపార్టుమెంటని అడుగుతారు, తర్వాత ఏ ఊరని అడుగుతారు. ఆవిడ ఆ రెండూ అడగలేదు.

"బావూ, అన్నం వొండటం వొచ్చా?"

"రాదండీ" అన్నాను నవ్వుతూ, కొంచెం గొప్పగానే.

ఆవిడ నెత్తి కొట్టుకుంది. మాటవరసకి కాదు, చప్పుడయ్యేలా కొట్టుకుంది. ఆ ఊళ్ళో నాకు దొరికిన మొదటి మర్యాద అదే.

అందరూ ఆవిడని అప్ప అనేవారు. ఆ వైపు అక్కని అలా పిలుస్తారు. అసలు పేరు ఎవరూ వాడగా వినలేదు. హోటలుకీ పేరు లేదు, బోర్డూ లేదు. నాలుగు బల్లలు, మట్టి గోడ, దాని వెనక కట్టెల పొయ్యి. వాన తగ్గని చోట కట్టెలు ఎండవు, ఎండని కట్టె ఎలా మండుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ పొగలోంచి ఆవిడ గుండిగలతో మాట్లాడుతూ వినిపించేది. పప్పు ఉడక్కపోతే "ఏటే, నిన్ను బతిమాలాలా?" అనేది. చారు పొంగితే "తొందరెందుకే, బేగి ఎల్లి ఏ రాజ్జెం ఏలతావు?" అనేది. మధ్య మధ్య దగ్గేది. దగ్గొచ్చినప్పుడు గుండిగ మీద పడకుండా మొహం గోడ వైపు తిప్పుకుని, కొంగు నోట్లో కుక్కుకునేది.

వంట మాత్రం అమోఘం. కొండ కందిపప్పులో వెల్లుల్లి పోపు, పలచటి చింతపండు చారు, అడ్డాకు విస్తరి మీద వేడన్నం. అన్నం వేడికి ఆకు కమ్మటి వాసన వేసేది. ఆ ఊళ్ళో ఒంటరి ఉద్యోగులందరికీ అదే దిక్కు. బ్యాంకాయన, ఇద్దరు మేష్టర్లు, ఆస్పత్రి డాక్టరు గారు, బస్సు డ్రైవరు, ఇప్పుడు నేను. అందరూ కూర్చుని తినేవారు. ఆవిడ కూర్చోగా ఎవరూ చూడలేదు. అందరూ వెళ్ళాక గుండిగ అడుగున మిగిలింది చేత్తో ఊడ్చుకుని, పొయ్యి దగ్గరే నిలబడి నాలుగు ముద్దలు మింగేది.

హోటలు పెట్టింది ఆవిడ భర్త. ఆయన మలేరియాతో పోయాక, వచ్చెయ్యమని విజయనగరం నుంచి చెల్లెలు కబురు పెట్టింది. వెళదామని మూట కట్టుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి "మరి మేమేం తినాలప్పా?" అనేవారట. మూట విప్పేసేదట.

నేను చేరిన ఏడాది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం డాక్టరు గారు భోజనం చేస్తూ ఆవిడ దగ్గు విన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి ఆవిడ వీపు మీద గొట్టం పెట్టి చూశారు. ఆయన కుర్రాడే, మంచివాడే. "అప్పా, ఇంకో వానాకాలం ఈ పొగలో ఉంటే నేను చేసేదేమీ ఉండదు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. వానలు పడేలోగా నువ్వు పొయ్యి మానెయ్యాలి" అన్నారు. ఆ మాట పూర్తిచేసి, గొట్టం మెడలో వేసుకుంటూ, "ఇంతకీ రేపు పప్పులోకి ఏమిటి?" అన్నారు.

పక్క బల్ల మీద కూర్చున్న నేను విస్తరి మీంచి తలెత్తి చూశాను. అప్ప మాత్రం "గోంగూర" అంది.

ఆ సాయంత్రం నేనుండబట్టలేక అడిగాను. "ఎవరికైనా అప్పజెప్పి వెళ్ళిపోవచ్చు కదప్పా? విస్తరాకులు తెచ్చే ఆవిడకి ఇవ్వు, బాగా నడుపుకుంటుంది."

అప్ప నా వైపు అదోలా చూసింది. "ఈ పొగ నాను తాగింది సాల్లేదని ఇంకో ఆడదాని నెత్తినెట్టమంటావా? నువ్వు బోయినానికి రావడం కోసం?"

అంత మాట ఆవిడ నోట వస్తుందని నేననుకోలేదు. ఆవిడ చీపురు తీసుకుని బల్లల కింద ఊడవడం మొదలుపెట్టి, ఊడుస్తూనే తీర్మానం చెప్పింది. వానల లోపల దిగిపోతుంది. ఎవరినీ ఆకలితో వదిలి వెళ్ళదు. కాబట్టి ఈ లోపల ప్రతివాడూ వండుకోవడం నేర్చుకోవాలి. "నేర్సుకోనోడుంటే నాను కదల్లేను. కదలకపోతే ఏటవుతాదో డాక్టరు బాబు సెప్పేడు కదా. ఇంక మీ ఇట్టం" అంది.

ఆవిడ నేర్పే పద్ధతి ఎక్కడా చూడలేదు. మర్నాడు విస్తరి ముందు కూర్చున్నాను. కూర వేసింది, పప్పు వేసింది, దొప్పలో చారు పోసింది. అన్నం గుండిగ తెస్తుందని చూస్తున్నాను. తేలేదు.

"అన్నం ఏదప్పా?"

"నీ గదిలో ఉంది. ఎల్లి వొండుకు రా."

పరిహాసమనుకున్నాను. పక్కన మేష్టర్ల విస్తళ్ళలోనూ అన్నం లేదు. బ్యాంకాయన కోపంగా లేచి చెప్పులు వేసుకున్నాడు. అన్నం లేని భోజనం హోటలు ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా? కానీ ఆ గోంగూర పప్పు వాసన అలాంటిది. మర్నాటికి మేమంతా గిన్నెల్లో అన్నం పట్టుకుని రోడ్డు మీద నడుస్తున్నాం. బ్యాంకాయన తువ్వాలు కప్పుకుని తెచ్చాడు, ఎవరూ చూడకుండా. ఒకడిది గంజి, ఇంకొకడిది పలుకు, నాది పైన పచ్చి, అడుగున మసి. హోటల్లో కూర్చుని ఒకడి గిన్నెలోకి ఒకడు తొంగిచూసుకునేవాళ్ళం. అన్నం కుదిరినవాడికి ఆవిడ పప్పు ఆపేసేది. పప్పు కుదిరాక చారు ఆపేసేది. అలా ఒక్కొక్కటీ పీకేస్తే చివరికి మనిషి హోటలుకి వచ్చే అవసరమే పోవాలి.

సంత రోజున అడ్డాకుల కట్టలు దింపడానికి వచ్చిన కొండ ఊరి ముసలమ్మ మా ఊరేగింపు చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మ, ఈ బాబులకి కూడొండటం రాదా? మరి ఇన్నాళ్ళూ ఎలగ బతికేరు?" అంది.

"నన్ను తిని బతికేరు" అంది అప్ప, ఆకులు లెక్క చూసుకుంటూ.

నా అన్నం ఎంతకీ కుదరకపోయేసరికి ఆవిడే ఒకరోజు నా గదికి వచ్చింది. కిరసనాయిలు స్టవ్వు, ఒక చిన్న గిన్నె, ఒక మూకుడు, అంతే నా సరంజామా. ఆవిడ ఆ గిన్నె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "దీంట్లో ఏటి వొండుతావు, కాకికా?" అంది. బియ్యం కడిగించింది, నీళ్ళు పోయించింది, ఉప్పు తనే తీసి పప్పులో వేసింది. చారులో చింతపండు తనే పిసికింది. పోపు చిటపటలాడింది. గది నిండా ఘుమఘుమ.

నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని బయటికి పరిగెత్తాను.

పప్పు ఉప్పుకషాయం. చారు నాలుక మీద పడితే కళ్ళు మూసుకుపోయాయి, అంత పులుపు. ఇంత మంచి వంట చేసే మనిషికి ఇదేమిటని దిమ్మ తిరిగిపోయింది. అప్ప తనూ వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంది. మొహం మాడ్చుకుంది. మళ్ళీ రాసి చూసింది. అప్పుడు గోడకి చేరబడి, తన అరచెయ్యి తెరిచి దాని వంకే చూసుకుంది.

"గుప్పిడేసీసేను బావూ. నా సెయ్యి గుప్పిడే ఎరుగును" అంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, "పెళ్ళయిన కాడి నుంచి గుండిగల్లోనే వొండేను. ఒక్క మనిసికి ఎంత కావాలో నాకూ తెల్దు. నా కోసం నాను ఎప్పుడూ వొండుకోలేదు" అంది.

ఆవిడ చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను, కానీ ఆవిడకి పట్టుదల వచ్చింది. ఆ రోజు నుంచి మేమిద్దరం కలిసి నేర్చుకున్నాం, ఒక్క మనిషికి వండటం. నా టీ గ్లాసే కొలత. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు, ఈ చలిలో ఇంకాస్త. నీళ్ళు ఇగిరాక వత్తి తగ్గించి మూత పెట్టి అక్కణ్ణుంచి లేచిపోవాలి. "మాటిమాటికీ మూత తీసి సూడకు. సానం సేత్తన్న మనిసిని సూసినట్టు ఏటది?" అనేది. పప్పు ముందే నానబెట్టాలి, అక్కడ చలికి అది బేగి ఉడకదు. ఉప్పు మూడు వేళ్ళతో తియ్యాలి. చింతపండు ఉసిరికాయంత కూడా అక్కర్లేదు. పోపు పెడుతూ కిటికీలోంచి చూడకూడదు, ఆవాలు ఆగాక ఒక్క క్షణం ఆలస్యమైతే మిరపకాయ నల్లబడుతుంది. ఇంతే వంట. నాకు ఇంత సుఖమైన విద్య ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమని కోపం కూడా వచ్చింది.

మా ఇద్దరికీ చేతులు కుదిరాయి. నా పప్పు నేను తిని, నేనే ఆశ్చర్యపోయాను. మేష్టర్లు గట్టెక్కారు. బ్యాంకాయన రహస్యంగా సాంబారు దాకా వెళ్ళిపోయాడు. డ్రైవరు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. జూన్ దగ్గరపడుతోంది, బదిలీల కాలం. బస్సు వచ్చినప్పుడల్లా అప్ప గుమ్మంలోకి వచ్చి, పరుపుచుట్టతో ఎవరైనా దిగుతున్నారేమో చూసి, లేరని ఊపిరి పీల్చుకుని లోపలికి వెళ్ళేది.

ఇక మిగిలింది ఒక్కరే. డాక్టరు గారు. ఆయన గిన్నె తేలేదు. "నాకు టైమెక్కడిదప్పా" అనేవారు. ఆవిడ పంతం పట్టి ఆయన విస్తరిలోనూ అన్నం ఆపింది. ఆయన ఉత్త విస్తరి ముందు మర్యాదగా కాసేపు కూర్చుని, లేచి, ఆస్పత్రికి వెళ్ళిపోయారు. అటు వెళుతుంటే తొలకరి చినుకులు మొదలయ్యాయి. అప్ప గుమ్మంలో నిలబడి ఆయన వీపు వైపు చూసింది. ఆవిడ వల్ల కాలేదు. క్యారేజీలో అన్నం పెట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని, వానలో పరుగెత్తింది. తిరిగి వచ్చాక దగ్గు ఆగలేదు. కొంగు మీద ఎర్రగా మరక చూశాను.

నాకు ఒళ్ళు తెలియలేదు. అలాగే ఆస్పత్రికి వెళ్ళాను. రోగులున్నారని కూడా చూడలేదు.

"పొగ మానెయ్యమని చెప్పింది మీరే. ఆవిడ మీ కోసమే పొయ్యి వెలిగిస్తోంది. ఊళ్ళో ఇంకెవరూ లేరు, మీరొక్కరే. ఆ క్యారేజీలో ఏముందో చూసే తిన్నారా?" అని అరిచాను.

ఆయన చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. పాపం, ఆయనకి నిజంగా తట్టలేదు. మందు ఆయన రాశారు గానీ, ఆ రోగం పేరు తన ఆకలి అని ఆయన అనుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం బజారంతా కొట్ల ముందుకి వచ్చి నిలబడింది. తెల్లకోటు, మెడలో గొట్టం, రెండు చేతుల్లో మసిగుడ్డతో పట్టుకున్న గిన్నె. డాక్టరు గారు రోడ్డు మధ్య నుంచి నడిచి వస్తున్నారు. గిన్నె బయట నలుపు, లోపల నలుపు. మాడు వాసన ఆయన కన్నా ముందే హోటల్లోకి వచ్చింది.

"అప్పా, అన్నం" అన్నారు, పరీక్ష పేపరు ఇచ్చినట్టు.

అప్ప గిన్నెలోకి చూసింది. గరిటెతో పైది తోసి, నడిమ తెల్లగా ఉన్న కాస్తా విస్తరిలోకి తీసింది. ఆ విస్తరి ఆయన ముందు పెట్టలేదు. మేము చూస్తుండగానే మేము కూర్చునే బల్ల మీద కూర్చుని, పప్పు కలుపుకుని, తను తినడం మొదలుపెట్టింది. కూర్చుని తింటున్న అప్పని చూడటం మా అందరికీ అదే మొదటిసారి.

"ఇంకొకలు వొండింది తినడం ఇలగుంటాదేటి?" అంది, మాడు ముద్ద నములుతూ. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది. "కూకున్న కాడికొచ్చి ఏటి కావాలమ్మా అని అడిగినోడుంటే ఇంకా బాగున్ను."

"ఏం కావాలప్పా?" అన్నారు డాక్టరు గారు వెంటనే.

"మజ్జిగ" అంది.

ఆయన తెచ్చి పోశారు.

ఆ వారం వదలకుండా ముసురు పట్టింది. అప్ప పొయ్యి ఆర్పి, గుండిగలు బడికి ఇచ్చేసింది. వెళ్ళే రోజున మేమంతా బస్సు దగ్గరికి వెళ్ళాం. ట్రంకుపెట్టె పైకెక్కించాం. కిటికీ దగ్గర సీటు, ఒళ్ళో మంచినీళ్ళ చెంబు. దిగేవాళ్ళు దిగారు. డ్రైవరు బండి తిప్పి నిలబెట్టాడు. అప్పుడు వెనక సీట్లోంచి, అంతదాకా నిద్రపోయినట్టుంది, ఒక అమ్మాయి గబగబా లేచి వచ్చింది. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో పరుపుచుట్ట. బడికి కొత్త టీచరట. దిగి, మా అందరినీ చూసి, "ఇక్కడ భోజనం హోటలు ఎక్కడండీ?" అంది.

డాక్టరు గారు గబుక్కున బస్సు కిటికీ వైపు చూశారు.

కిటికీలోంచి అప్ప తల బయటికి వచ్చింది. "గుంటా, అన్నం వొండటం వొచ్చా నీకు?"

"రాదండీ. నేను చిన్నప్పటి నుంచీ హాస్టల్లోనే..."

అప్ప సీట్లోంచి లేచింది. మంచినీళ్ళ చెంబు పక్కావిడకి ఇచ్చేసింది. "ఆపండిరా బండి. నా పెట్టి దింపండి" అంటూ మనుషుల్ని తోసుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసింది. దగ్గు మొదలైంది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. నేను అడుగు వేసేలోపే డాక్టరు గారు ఒక్క గెంతున వెళ్ళి, ఆవిడ భుజం పట్టుకుని లోపలికి నెట్టి, ధడాలున తలుపు మూశారు. మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డారు.

"నేను నేర్పుతాను!" అని అరిచారు. "అమ్మాయికి నేను నేర్పుతాను! పోనివ్వవయ్యా!"

డ్రైవరు పోనిచ్చాడు. బస్సు కదిలాక ఆయన పక్కకి తూలారు. అప్ప మళ్ళీ కిటికీ దగ్గరికి చేరింది, నడుం దాకా బయటికి వంగింది, రెండు చేతులూ ఊపుతూ అరుస్తోంది.

"ఆ బాబు మాటినకే గుంటా! మాడ్సీత్తావు! టెలిఫోను బాబునడుగు!"

బస్సు కాఫీ తోట పక్క నుంచి తిరిగే దాకా ఆ చేతులు కనిపించాయి. టీచరమ్మ నోరు తెరుచుకుని మమ్మల్నందరినీ చూసింది. బ్యాంకాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. మేష్టర్లు ఇటు తిరగడం లేదు.

"ఎవరండీ ఆవిడ? హోటలు ఎక్కడని కదా అడిగాను" అంది.

"హోటలు ఇప్పుడే వెళ్ళిపోయిందండీ" అన్నాను.

డాక్టరు గారు ఆ అమ్మాయి చేతిలోని పరుపుచుట్ట తీసి భుజాన వేసుకున్నారు. కళ్ళద్దాల మీద వాన కారుతోంది, తుడుచుకోలేదు. "రండమ్మా" అన్నారు. "ముందు బియ్యం కడగాలి."